బంగారమంట

రాబర్ట్‌సన్‌పేట

చెల్లెలు రత్నమ్మకు అన్న ఆశీస్సులు.

నీ బడిపిల్లలు పాడిన నాన్న పాట క్యాసెట్ అందింది. గొంతులు బాగున్నాయి. కానీ ఒక మాట మారిపోయింది. నాన్న కట్టింది "మా దేశాన మట్టి బంగారమంట, మా ఇంటి గడపా బంగారమంట" అని. పిల్లలు "బంగారమే" అని పాడారు. ఆ "అంట" పోతే పాటే పోయిందమ్మా.

అప్పుడు నువ్వు చాలా చిన్నదానివి. చిత్తూరు వైపు ఒక పెళ్లికి వెళితే బంధువులు నాన్నను చుట్టుముట్టి, "బంగారు గనిలో దిగుతావు గదప్పా, ఒక్క తునకైనా దాచుకోలేదా?" అని అడిగారు. ఆయన చిరిగిన చొక్కా చూపించి నవ్వాడు. తిరిగొచ్చే రైల్లో ఈ పాట కట్టాడు. బయటివాళ్లు మన గురించి అనుకునే మాటల మీద ఎగతాళి అది.

ఇప్పుడు గని మూతపడింది. రాతిదుమ్ముకు నాన్న ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని, ఇక చేయగలిగింది లేదని డాక్టరు ఇంటికి పంపేశాడు. "బంగారు గనివాళ్లు, మీకు డబ్బుకేం, ముందే పెద్దాసుపత్రికి పోవాల్సింది" అని ఆయనా అన్నాడు.

క్యాసెట్ సగంలోనే నాన్న చెయ్యెత్తి ఆపమన్నాడు. మాట సరిచేయమని నీకు రాస్తానన్నాను.

"వద్దురా. బిడ్డలు సంతోషంగా పాడినారు. ఇంగ ఎవురికని చెప్పేది? మనకాడ బంగారం లేదంటే నమ్మేవాడు యాడ ఉండాడు?" అన్నాడు. ఆ కాస్త మాటకే ఆయాసంతో వంగిపోయాడు.

తొందరగా రామ్మా. వచ్చాక నాన్నను పాడమని మాత్రం అడగొద్దు.

మీ అన్న