టిబ్స్ బదులు వచ్చినవాడు

ఈరీ,
మార్చి రెండో వారం

ప్రియమైన నాన్నకు,

ఈపాటికి మంగలి షాపులో ఎవరో ఒకరు పేపరు నీ ఒళ్లో పడేసి ఉంటారు. నువ్వు ఇంటికొచ్చి, "నా కూతురు ఆ ఆఫీసులోనే ఉద్యోగం చేస్తూ నాకొక్క ముక్క చెప్పలేదు" అని అమ్మ మీద ఎగిరి ఉంటావు. నిజమే, చెప్పలేదు. బయటికి పొక్కితే బేరం చెడుతుందని మా నోళ్లు కుట్టేశారు. ఫోన్ చేద్దామంటే నువ్వు "ఆఁ? ఏంటీ?" అంటావు, నేను అరుస్తాను, చివరికి ఇద్దరం కోపంగా పెట్టేస్తాం. అందుకే ఈ ఉత్తరం.

డెవన్ టిబ్స్‌ను పడమటి తీరం టీముకి ఇచ్చేశాం. నీ స్కూల్ గ్రౌండులో పరిగెత్తుతూ బంతి అందుకోవడం నేర్చుకున్న పిల్లవాడు, ఇన్నేళ్లుగా మా ఫెర్రీమెన్ ఫుట్‌బాల్ టీములో విసిరిన బంతులన్నీ పట్టి పెద్ద దిక్కయిన రిసీవర్, ఇప్పుడు మావాడు కాదు. వయసు పైబడుతోందట, జీతం బరువవుతోందట. బదులుగా వాళ్లు మాకిచ్చింది డ్రాఫ్టులో ఒక వంతు. ఏప్రిల్‌లో కాలేజీ కుర్రాళ్లను టీములన్నీ వరసగా ఎంచుకునేటప్పుడు మూడో రౌండులో వాళ్లకు వచ్చే వంతు ఈసారి మాది.

"టిబ్స్ ఖాళీ చేసిన చోట నిలబడేవాణ్ణి ఆ వంతులోనే పట్టుకురావాలి," అన్నాడు మా పెద్దాయన బ్రానిగన్, ఆటగాళ్లను వెతికే విభాగానికి అధిపతి. మోటెల్ పరుపులంటే మిగతావాళ్లకు నడుంనొప్పి కాబట్టి మధ్య రాష్ట్రాల మైదాన ప్రాంతమంతా నాకు అప్పగించాడు. నివేదిక మీద నా పేరు పడటం ఇదే మొదటిసారి. తప్పు మనిషిని చూపించానంటే వచ్చే ఏడాది ఈ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. అయినా ఒకచోట కూర్చోలేని నాలాంటి దానికి కారూ, రోడ్డూ ఇచ్చి పొమ్మన్నారు. అందుకు దండం పెట్టుకుంటున్నాను.

కోప్పడకు. కోప్పడినా ఉత్తరంలోనే కోప్పడు.

నీ కొర్రీ

*

మిల్‌బర్గ్, ఒహాయో

ప్రియమైన కొర్రీ తల్లికి,

కోపం లేదు. ఉంటే ఈ కాగితం కాలిపోయి ఉండేది.

పేపరు నాకు మంగలి ఇవ్వలేదు. చర్చిలో శుక్రవారం చేపల వేపుడు దగ్గర వరసలో నిలబడితే మన ఫాదర్ గారే చూపించారు. "కోచ్, మీ అమ్మాయి టీము మీ అబ్బాయిని అమ్మేసిందండీ," అని పళ్లికిలించారు. చేప గొంతు దిగలేదు. అమ్మ మాత్రం రెండోసారి వడ్డించుకుంది.

ఆదివారం టిబ్స్ వచ్చాడు. వస్తున్నట్టు ముందు చెప్పనే లేదు. కిటికీ బయట నిలబడి చెయ్యి ఊపుతుంటే చూసి తలుపు తీశాను. అమ్మ ఆలుగడ్డ కూరి చేసిన పిరోగీలు పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. ఒక్కమాట కూడా మీవాళ్లను అనలేదు. వెళ్తూ ఫ్రిజ్ మీది ఆ పాత పేపరు ముక్క చూసి నవ్వాడు. అదే, "మూగ సేన గెలుపు" అని రాశారే, అది. మైదానంలో ఒక్క కేక లేకుండా చేతి సైగలతోనే ఆట నడిపిన జట్టు ఈ జిల్లాలో మనదొక్కటే. ఎదుటివాళ్లు చెవులు రిక్కించి చచ్చేవాళ్లు! ఆ సైగలు ఎవరి బుర్రలో పుట్టాయో ఊరంతటికీ తెలుసు. వాడికి కూడా ఇంకోసారి మొదటినుంచీ చెప్పాను. వాడు అంతా విని, "మీ తెలివే తెలివి కోచ్," అన్నాడు.

వాడి చోట ఎవణ్ణి నిలబెడతావో నిలబెట్టు. ఎవడొచ్చినా నాకు నచ్చడని ముందే చెప్తున్నాను. అది మనసులో పెట్టుకుని వెతుకు.

మీ నాన్న

*

నెబ్రాస్కా,
మార్చి చివర

ప్రియమైన నాన్నకు,

ఒకడు దొరికాడు. దొరికాడో, నేనే వాడి చేతికి దొరికిపోయానో తెలియడం లేదు.

పేరు జోనా ప్రుయిట్. కాలేజీ ఎంత చిన్నదంటే గ్రౌండు కంచెకు అవతల ఆవులు మేస్తుంటాయి. వాళ్లమ్మ స్కూల్ బస్సు నడుపుతుంది. కుర్రాడు లేడిపిల్లలా కదులుతాడు, అడ్డుకోవడానికి వెంటపడే ఎదుటి జట్టువాణ్ణి ఏమార్చి మలుపు తిరిగాడంటే ఆవులు కూడా తలెత్తి చూస్తాయి. కానీ బంతి జారవిడుస్తాడు. అందుకే పెద్ద టీములేవీ వీణ్ణి పరీక్షలకు పిలవలేదు. "మంచి కాళ్లు, చెడ్డ చేతులు" అని అందరూ ఒకే మాట రాసి వెళ్లిపోయారు.

నేనూ అదే రాసి కారెక్కేదాన్నే. ఆకలేసి వాణ్ణి తీసుకుని రోడ్డు పక్క హోటల్‌కు వెళ్లాను. కౌంటర్ పైన బోర్డు మీద ఆ రోజు వంటకాలు సుద్దముక్కతో ఇంతింత అక్షరాల్లో రాసి ఉన్నాయి. వడ్డించే ఆవిడ వస్తే, "ఏమేం ఉన్నాయి ఆంటీ?" అని అడిగాడు.

"బోర్డు నీ ముందే ఉందిగా నాయనా!"

"మీ నోటితో చెప్తే రుచి ఎక్కువ."

ఆవిడ మురిసిపోయి మొత్తం వల్లించింది. నేనూ నవ్వాను. తర్వాత వాళ్లమ్మ వీధి అవతలినుంచి చెయ్యి ఊపింది. వీడు చూస్తూనే ఉన్నాడు, తిరిగి ఊపలేదు. ఆవిడ రోడ్డు దాటి దగ్గరికి వచ్చాక ముఖం వెలిగింది.

గదికొచ్చి వాడి ఆటల వీడియోలన్నీ మళ్లీ వేసుకున్నాను. ఎండలో ఆడిన వాటిలో బంతి దాదాపు జారదు. జారినవన్నీ లైట్ల కింద ఆడినవే. నాన్నా, వాడి చేతులు చెడ్డవి కావు. వాడికి దూరం ఆనదు, వెలుతురు తగ్గితే అసలే ఆనదు. ఆ సంగతి దాచుకుని తిరుగుతున్నాడు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఉన్నదున్నట్టు రాస్తే బ్రానిగన్ వాడి పేరు కొట్టేస్తాడు. రాయకుండా ఊరుకుంటే నేను జీతం తీసుకునే పనే చెయ్యనట్టు. ఈ వంతు కోసం మనం టిబ్స్‌ను వదులుకున్నాం. దాన్ని పాడుచేసే హక్కు నాకు లేదు.

త్వరగా రాయి.

నీ కొర్రీ

*

మిల్‌బర్గ్

ప్రియమైన తల్లికి,

అందరూ స్టాప్‌వాచీలు పట్టుకుని తిరిగారు గానీ ఒక్కరైనా ఆ పిల్లాడికి కంటి డాక్టర్ల అక్షరాల అట్ట చూపించలేదా? బాగుంది.

నువ్వు చూసింది ముందు బ్రానిగన్‌కి కాదు, ఆ కుర్రాడికి చెప్పు. ఫోన్‌లో వద్దు. నీ ముఖం వాడికి కనిపించేంత దగ్గర్లో, ఎదురుగా కూర్చుని చెప్పు. దొంగను పట్టుకున్నట్టు కాదు. దాచుకునేవాడు సిగ్గుతో దాచుకోడు, ఉన్న చోటు పోతుందన్న భయంతో దాచుకుంటాడు. ఆ భయం తీరే దారేదో నువ్వే చూపించు. తర్వాత బ్రానిగన్‌కి వాడి నోటితోనే చెప్పనీ.

నీ ఉద్యోగం పోతే మాత్రం ఇక్కడికి రాకు. నీ గదిలో అమ్మ కుట్టు మిషను పెట్టుకుంది.

వెళ్లు. కుర్రాడు భోజనం చేశాక చెప్పు, ముందు కాదు.

మీ నాన్న

*

ఈరీ,
డ్రాఫ్టు అయిన మర్నాడు

ప్రియమైన నాన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. మళ్లీ అదే హోటల్లో, మాంసం వంటకం అయ్యాక, తీపి రాకముందు అడిగాను. "జోనా, ఆ బోర్డు మీద ఏముంది?"

ఫోర్క్ కింద పెట్టేశాడు. "ఎప్పుడు కనిపెట్టారు మేడమ్?"

"మీ అమ్మ చెయ్యి ఊపినప్పుడు."

"లైట్ల కింద బంతి చేతుల దాకా వస్తే గానీ కనిపించదు. విసిరేవాడి భుజం ఎటు తిరిగిందో చూసి ఎక్కడికొస్తుందో ఊహించుకుంటాను. కళ్లజోడని నోరెత్తితే స్కాలర్‌షిప్ పోతుందనుకున్నాను. తర్వాత చెప్పడానికి సమయం దాటిపోయింది."

వాళ్లమ్మ, నేను కలిసి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మామూలు హ్రస్వదృష్టే, నాన్నా! కళ్లలో పెట్టుకునే అద్దాలతో పూర్తిగా సరిపోతుందన్నాడు. ఆవిడ బస్సు దగ్గర నిలబడి నన్ను గట్టిగా వాటేసుకుంది. "నా కొడుకు పొగరుతో చెయ్యి ఊపడనుకున్నానమ్మా," అని ఒకటే ఏడుపు.

బ్రానిగన్‌ను అక్కడికి రప్పించడానికి నా ప్రాణం పోయింది. ఊళ్లోకి అడుగు పెట్టగానే మొదలెట్టాడు. "సెడ్లాక్ అమ్మాయ్, టిబ్స్‌ను ఇచ్చి గుడ్డివాణ్ణి తెచ్చుకున్నారని రేడియోలో మన మీద పాట కడతారు." జోనా ఆయన ముందు నిలబడి అంతా తనే చెప్పాడు. పొద్దువాలాక లైట్లు వేయించి బంతులు విసిరించాం. మొదటిది పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. బంతిని పైకెత్తి గ్రౌండంతా వినిపించేలా అరిచాడు.

"మేడమ్! బంతి గాల్లో తిరుగుతుంటే దాని కుట్లు కనిపిస్తాయని ఎవరూ చెప్పలేదేంటి?"

ఆ తర్వాత ఒక్కటి జారలేదు. బ్రానిగన్ చూయింగ్ గమ్ నమలడం మానేశాడు. తిరిగి వచ్చేటప్పుడు విమానంలో నా నివేదిక తీసి, నేను కింద రాసిన మాట పైకే చదివాడు. "చూడకుండా ఇన్ని పట్టినవాడు, చూస్తే ఎన్ని పడతాడో."

నిన్న మూడో రౌండులో మా వంతు వచ్చినప్పుడు గదిలో గోల. ఆ చిన్న కాలేజీ వాడికి ఇంత పెద్ద వంతా అని సగం మంది లేచి నిలబడ్డారు. బ్రానిగన్ నావైపు చూశాడు. "నీ పేరు ఉంది దీని మీద. ఇప్పటికీ ఉండాలా?" ఉండాలి అన్నాను. ఫోన్ ఎత్తాడు. అవతల జోనా గొంతు కాదు, వాళ్లమ్మ కేక వినిపించింది.

టీవీలో వాడి పేరు కింద వెంటనే వేశారు, "టిబ్స్ బదిలీతో వచ్చిన ఎంపిక" అని. ఇక ఈ ఊళ్లో వాడి ఇంటిపేరు అదే. బతికినన్నాళ్లూ వాడు టిబ్స్ బదులు వచ్చినవాడే. అదొక్కటే బాధ. మిగతాదంతా నీ దయ నాన్నా.

నీ కొర్రీ

*

ఈరీ,
మే

ప్రియమైన నాన్నకు,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను, కాళ్లు నిలవడం లేదు.

టిబ్స్ ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చి, లాకర్ కూడా సర్దుకుందామని మా దగ్గరికి వచ్చాడు. మా టీములో ఒక పద్ధతి ఉంది. వెళ్లిపోయినవాడి నంబరు చొక్కా కావాలంటే కొత్తవాడు స్వయంగా వెళ్లి అడగాలి. జోనా గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. టిబ్స్ కుర్చీ వాడివైపు పూర్తిగా తిప్పి, వెలుతురు తన ముఖం మీద పడేలా కూర్చుని, ఒక్కో మాట విడివిడిగా చెప్పాడు. "తీసుకో తమ్ముడూ. నా బదులొచ్చానని తల దించుకోకు. నేను వెళ్తేనే కదా నువ్వొచ్చావు. నేను పనికొచ్చినట్టే."

జోనా కళ్లలోని అద్దాలు కొట్టుకుపోతాయేమో అనిపించింది.

కానీ నాన్నా, నేను చూస్తున్నది టిబ్స్ కూర్చున్న తీరు. మనింట్లో అమ్మ నీతో మాట్లాడేటప్పుడు అచ్చం అలాగే కూర్చుంటుంది. జోనా వెళ్లాక టిబ్స్‌ను అడిగేశాను.

నవ్వాడు. "మీ నాన్న దగ్గర అబ్బిన అలవాటు. ఎవరితోనైనా ఇంతే ఇప్పుడు."

నీ చెవులు రిటైరయ్యాక మందగించాయని కదా నేననుకుంటున్నది. కాదట. టిబ్స్ నీ దగ్గర చేరిన కొత్తలోనే వెనకనుంచి పిలిస్తే నువ్వు పలికేవాడివి కాదట. మిగతా పిల్లలు కోచ్‌కి కోపమనుకున్నారు. టిబ్స్ వాళ్ల నాయనమ్మకూ వినపడేది కాదు కాబట్టి వాడికి అర్థమైంది. స్కూలుకు తెలిస్తే నిన్ను తీసేస్తారని భయపడ్డాడు. పిల్లలందరినీ నీకు ఎదురుగా వచ్చి మాట్లాడమన్నాడు. తర్వాత నీ దగ్గరికొచ్చి, ఎదుటివాళ్లకు వినపడకుండా చేతి సైగలతో ఆడదామా కోచ్, అని ఊరికే అన్నట్టు అన్నాడు. అదీ నీ మూగ సేన.

"కోచ్‌కి చెప్పకు. అదంతా తన తెలివే అనుకుంటున్నాడు," అన్నాడు. నేను తలూపాను గానీ నోటితో మాట ఇవ్వలేదు. నువ్వు కృతజ్ఞత చెప్పాల్సిన మనిషి ఒకడున్నాడని నీకు తెలియకుండా ఉండటం నాకు అన్యాయంగా తోచింది. బాధపడతావా?

నీ కొర్రీ

*

మిల్‌బర్గ్

ప్రియమైన కొర్రీకి,

బాధ ఎందుకు? అమ్మకు చదివి వినిపిస్తే, "పాపం, పిల్లకి ఇప్పుడు తెలిసింది," అంది.

నాకు ఆ వారమే తెలుసు తల్లీ. లాకర్ గదిలో టిబ్స్ నాకు వీపు పెట్టి పిల్లలతో మాట్లాడుతున్నాడు. నాకేం వినపడదనుకున్నాడు, వినపడలేదు కూడా. కానీ వాడి ముందు గెలిచిన కప్పులు పెట్టే అద్దాల బీరువా ఉంది. అందులో వాడి ముఖం కనిపించింది. అప్పటికే పెదవులు చదవడం నాకు బాగా అలవాటు. "కోచ్‌కి ఎదురుగా తిరిగి మాట్లాడండ్రా. ఎందుకని అడిగినవాడి పళ్లు రాలగొడతా," అంటున్నాడు. మర్నాడు అమాయకంగా వచ్చి సైగల సంగతి ఎత్తాడు.

నాకు తెలిసిపోయిందని చెప్తే వాడు దొరికిపోయినట్టు బిగుసుకుపోయేవాడు. అంత జాగ్రత్తగా చేసిన పని! అందుకని ఆ సైగలు నావేనని గొప్పలు చెప్పుకోవడం మొదలెట్టాను. చెప్పినప్పుడల్లా వాడి ముఖం చూడాలి నువ్వు, పండగే. ఇన్నేళ్లూ నేను వాడికి చెప్తూ వచ్చిన కృతజ్ఞత అదే. మొన్న పిరోగీలు తింటున్నప్పుడు కూడా చెప్పాను.

కాబట్టి నోరు మూసుకో. నాకు తెలుసని వాడికి చెప్పావో, నీ గదిలో ఆ కుట్టు మిషను పక్క చోటు కూడా నీకుండదు.

ఇక నీ జోనా. ఎవడొచ్చినా నచ్చడని రాశాను కదా. అది కొట్టేసుకో. జూన్‌లో ఒక ఆదివారం వాణ్ణి, వాళ్లమ్మను తీసుకురా. పిరోగీలు అమ్మ చేస్తుంది, గొప్పలు నేను చెప్తాను. తలుపు కొట్టొద్దను, నాకు వినపడదు. కిటికీ ముందు నిలబడి చెయ్యి ఊపమను. నేను తిరిగి ఊపుతాను. ఈసారి వాడికి కనిపిస్తుంది.

ఎప్పటికీ మీ నాన్న,
వెర్నన్ సెడ్లాక్