ఇల్లాలి మోచేతి ఎత్తు

2024 జూన్ 9, ఆదివారం

తమ్ముడు నాకు వంటగది చేయిస్తానన్నాడు!

పెసరట్టు తింటూ తింటూ, ఉన్నట్టుండి, వంటగది మార్పిద్దాం అక్కా, కబోర్డులన్నీ మంచి చెక్కతో, నువ్వే చూసుకో అన్నాడు. శ్రీకాంత్ నోట్లోంచి ఒక్కసారిగా అన్ని మాటలు రావడం అరుదు. నాగాయలంకలో రొయ్యల మేత షాపు పెట్టాక వాడు మేత బస్తాలతో తప్ప మనుషులతో మాట్లాడటం మానేశాడని నా అనుమానం. నేను నోరు తెరిచి నిలబడితే పెనం మీద అట్టు మాడిపోయింది. మాడిందాన్ని నేనే తిన్నాను. కమ్మగా ఉంది.

నాకు నలభై ఏడేళ్లు. అమ్మ పోయి పద్నాలుగేళ్లు. అప్పటి నుంచి ఆ తుప్పు పట్టిన ఇనప స్టాండుతో, తలుపులు ఊడిన సిమెంటు అరలతో కాపురం చేస్తున్నాను. బందరు ఉప్పుగాలికి ఇనుము నిలవదు. మనుషులం ఎలా నిలిచామో!

జూన్ 10

చిక్కంతా నేలతోనే.

ఈ ఇల్లు ఎప్పుడో రంగూన్ టేకు దింపి అమ్మిన ఒక షావుకారు కట్టించుకున్నది. నాన్న కొనేనాటికే పాతది. మేడ మీద నేలంతా టేకు పలకలు. మా ఇంగ్లీషుపాలెంలో ఇలాంటి నేల ఇంకో ఇంట్లో నేను చూడలేదు. హాలుకీ వంటగదికీ మధ్య గోడ లేదు. పొయ్యి కింద నాలుగు కడప బండలు, మిగతాదంతా చెక్కే. కబోర్డులు ఏవి పెట్టినా ఆ నేలకు నప్పాలి. నప్పకపోతే రోజూ మూడు పూటలా కళ్లలో పొడుచుకుంటాయి.

నెలకోసారి కొబ్బరిపీచుతో ఆ నేలకు నూనె పట్టించేది నేను. ఏ పలక ఎక్కడ కిర్రుమంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. మెట్ల దగ్గర మూడో పలక మూలిగిందంటే శ్రీకాంత్ వచ్చినట్టు. అప్పుడు లేచి కూర వెచ్చబెడతాను.

ఇవాళ కాలేజీ లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని మాడ్యులర్ కిచెన్ల బొమ్మలే చూశాను. ఫిజిక్స్ అడిగిన పిల్లకు సివిక్స్ ఇచ్చి పంపాను. లైబ్రరీ అసిస్టెంటు ఉద్యోగంలో చేరాక ఇదే మొదటి తప్పు. అయినా సిగ్గు వేయలేదు.

జూన్ 12

దేవసహాయం గారు వచ్చారు. అమ్మ ఉన్నప్పటి నుంచి మా ఇంటి వడ్రంగి ఆయనే. చెప్పులు కింద వాకిట్లోనే వదిలి, పైకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, తడివేలితో పలకను రుద్ది చూశారు.

కబోర్డులు కూడా టేకుతోనే చేద్దామన్నాను, జతగా ఉంటాయి కదా అని. నవ్వారు. టేకు పక్కన టేకు పెడితే కొత్తది నకిలీలాగా కనపడుద్దండి, నూరేళ్ల రంగు మనం పుట్టించలేం, కలవాలి గానీ ఒకటే అవకూడదండి అన్నారు. పోనీ లామినేట్ అంటే, అది చెక్క ఫోటో అండి, చెక్క కాదు అన్నారు. ఆ మాటతో లామినేట్ కథ ముగిసింది.

జూన్ 15, శనివారం

దేవసహాయం గారూ నేనూ గుడివాడ టింబర్ డిపోకి వెళ్లాం. ఆదివారం అయితే ఆయన రారు, ప్రార్థన ఉంటుంది. అందుకని నేనే సెలవు పెట్టాను. నల్లమద్ది, వేగిస, పనస. మూడింటివీ జానెడు ముక్కలు కోయించి సంచీలో వేసుకున్నాను. బస్సులో పక్క సీటావిడ అవేంటమ్మా అంది. వంటగది అన్నాను. సంచీలో పట్టే వంటగదా తల్లీ అంది. ఇద్దరం పామర్రు దాకా నవ్వుకున్నాం.

జూన్ 16, ఉదయం 6.30

మూడు ముక్కలూ నేల మీద పరిచాను. దేవసహాయం గారి ఆజ్ఞ: పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి చూడాలట. పెళ్లిచూపుల్లో కూడా ఇన్నిసార్లు చూడరు.

నల్లమద్ది పక్కన నేల చిన్నబోయింది. వేగిస బాగానే ఉంది. పనస మరీ పసుపు, పేరంటానికి వచ్చిన కాళ్లలాగా.

మధ్యాహ్నం 1.00

నల్లమద్ది తీసేశాను.

సాయంత్రం 6.10

పనస మీదికే చూపు పోతోంది. ఎందుకో తెలియదు.

జూన్ 19

తెలిసింది. పనస ఇప్పుడే పసుపట, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగులోకి, ఆ తర్వాత ఎరుపులోకి తిరుగుతుందట. పదేళ్లకి ఈ నేలకి సరిజోడు అవుద్దండి, అంతదాకా ఓపిక పట్టేవాళ్లకే పనస అన్నారు దేవసహాయం గారు.

పదేళ్లకు నాకు యాభై ఏడు. ఓపిక తప్ప నా దగ్గర ఇంకేముంది? ఇక్కడే ఉంటాను, రోజూ చూస్తాను, ఏ ఏడాది ఏ రంగో ఇదే డైరీలో రాస్తాను.

జూన్ 20

పనస.

జూలై 6, శనివారం

ఇవాళ జరిగింది ఎవరికీ చెప్పను. నీకు చెబుతున్నాను, నువ్వు కాగితానివి కాబట్టి.

దేవసహాయం గారు పొయ్యి గట్టు ఎత్తుకు కొలత తీసుకున్నారు. టేపు లేదు. గట్టు ఎత్తు టేపుకి తెలవదండి, ఇంటి ఇల్లాలి మోచేతికి తెలుసుద్ది అన్నారు. నన్ను చెప్పుల్లేకుండా నిలబెట్టి, మోచెయ్యి మడవమని, నేల నుంచి దానికి నాలుగు వేళ్ల కింది దాకా వచ్చేలా ఒక సన్నని రీపర్ చెక్క ముక్క కోశారు. ఆయనకు ప్రతి ఇంటికీ ఒక కొలకర్ర ఉంటుందట. ఎవరిదో మర్చిపోకుండా పెన్సిలుతో రాసుకుంటారు. దాని మీద ‘ఇంగ్లీషుపాలెం’ అని రాసి, కింద ‘ఇల్లాలు’ అని రాశారు.

నన్ను ఇంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదు. గుడివాడ సంబంధం తప్పిపోయినప్పుడు నాకు ఇరవై ఆరు. ఆ తర్వాత నాన్నకు పక్షవాతం, ఆయన తర్వాత అమ్మ. అక్క, మేడమ్, ఇందిర గారు, ఆంటీ. అన్నీ అయ్యాను, అదొక్కటి తప్ప. ఈ ముసలాయన ఆలోచించకుండా రాసేశాడు. నేను దిద్దలేదు. సాయంత్రం దాకా ఆ మాట నాతోనే తిరిగింది. చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. శ్రీకాంత్ ఏమీ అనకుండా తాగాడు. ఈ మధ్య వాడు దేనికీ ఏమీ అనడం లేదు. ఫోను చూసుకుని నవ్వుకుంటున్నాడు.

జూలై 18

కింద వరండాలో చిత్రిక పడుతున్నారు. చెక్కపొట్టంతా పసుపు. ఇంటినిండా పచ్చి పనస వాసన. చీర కుచ్చిళ్లకు పొట్టు అంటుకుంటే దులపకుండానే కాలేజీకి వెళ్లాను.

ఆగస్టు 2

దేవసహాయం గారు కొత్త రీపర్ ముక్క పట్టుకుని పైకి వచ్చారు. అమ్మగారు ఎప్పుడొస్తారండి, ఇల్లాలి కొలత తీసుకోమని బాబుగారు ఫోను చేశారు అన్నారు.

తీశారుగా, మర్చిపోయారా అన్నాను. వయసు మీద పడుతోందని ఎగతాళి కూడా చేశాను. ఆయన నవ్వలేదు. కర్ర కిందికి దించి, మీకు తెలవదాండీ అన్నారు. అంతే. మెట్లు దిగి వెళ్లిపోయారు.

సాయంత్రం మూడో పలక మూలిగింది. నేను కూర వెచ్చబెట్టలేదు. అడిగాను. శ్రీకాంత్ చెప్పాడు. ఆమె పేరు నవ్యశ్రీ. గుడివాడలో బ్యాంకు ఉద్యోగం. ఏడాదిగా పరిచయం. ఆషాఢంలో శుభవార్త ఎందుకని ఆగానక్కా, శ్రావణం రాగానే నీకే మొదట చెబుదామనుకున్నాను అన్నాడు. నలభై రెండేళ్ల వాడు చిన్నపిల్లాడిలా చొక్కా గుండీ తిప్పుకుంటూ చెప్పాడు.

సంతోషంగా ఉందన్నాను. నిజమే, ఒక మూల ఉంది.

ఇంక నీకు పొయ్యి దగ్గర నిలబడే బాధ ఉండదక్కా, హాయిగా రెస్ట్ తీసుకో, నీ గది ఎప్పటికీ నీదే అన్నాడు.

నా గది. నిన్నటి దాకా నాకు గది లేదు. ఇల్లు ఉండేది.

ఆగస్టు 3

జూన్ 9 పేజీ తిప్పి చూశాను. వంటగది మార్పిద్దాం అక్కా, నువ్వే చూసుకో. వాడు అన్నది అంతే. ‘నాకు’ అన్న మాట నేను కలుపుకున్నది. మొదటి వాక్యంలోనే రాసి పెట్టాను, ఆశ్చర్యార్థకంతో సహా.

లైబ్రరీలో నిఘంటువు తీశాను. ఇల్లాలు: ఇల్లు, ఆలు. ఆలు అంటే భార్య. ఇంత చిన్న సంగతి తెలియనిదాన్నా? నేను ఇల్లు దాకా చదివి ఆగిపోయాను.

ఏడుపొచ్చింది. పాత పేపర్ల గదిలోకి వెళ్లి తనివితీరా ఏడ్చాను. ఆ గదిలోకి ఎవరూ రారు.

ఆగస్టు 5

ఒక చెడ్డపని చేశాను. కిందికి వెళ్లి, పనస వద్దు, ఉన్నది ఎవరికైనా అమ్మేసుకోండి, మైకా అంటించెయ్యండి, తెల్లది, గాజులాగా మెరిసేది అని దేవసహాయం గారితో చెప్పాను. నేను పదేళ్లు చూడాల్సిన రంగును ఇంకొకరు ఎందుకు చూడాలి? అవును, అంత కుళ్లు నాలో ఉంది. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాయను?

ఆయన చిత్రిక పడుతూనే ఉన్నారు.

ఆగస్టు 6

మైకా తెచ్చారా అని అడిగాను. దేనికండి అన్నారు. నిన్న చెప్పానన్నాను. ఈ మధ్య చెవులు సరిగా వినపడటం లేదండి అన్నారు.

వీధి చివర కూరగాయల బండి అరుపు వినపడి తోటకూర తెచ్చుకున్న మనిషి!

పనస తలుపు ఒకటి నా చేతిలో పెట్టారు. నున్నగా ఉంది. ఒక అంచున అప్పుడే కాస్త తేనె రంగు తిరిగింది. మళ్లీ మైకా మాట ఎత్తలేదు.

ఆగస్టు 10, రెండో శనివారం

బ్యాంకు సెలవు. నవ్యశ్రీ వచ్చింది. పొడగరి. చెప్పులు వాకిట్లోనే విప్పి వచ్చింది, ఎవరూ చెప్పకుండానే. నేల చూసి, దీన్ని ఇంత బాగా ఎవరు కాపాడారండీ అంది. పనస చూసి, ఇది ఎవరి సెలక్షన్ అంది. రెండిటికీ శ్రీకాంత్ నన్ను చూపించాడు. ఈ పిల్ల చెడ్డది అయ్యుంటే ఎంత బాగుండేది!

కొలత తీయమంటే దేవసహాయం గారు పెన్సిలు వెతుక్కుంటూ కాలయాపన చేస్తున్నారు. పెన్సిలు ఆయన చెవి మీదే ఉంది. నేనే తీశాను. నిలబడమ్మా, మోచెయ్యి మడువు అన్నాను. నాలుగు వేళ్లు కిందికి నేనే గీత పెట్టాను. నా కర్ర కంటే నాలుగంగుళాలు ఎక్కువ.

ఆ తేడా చూసి ఆ పిల్ల, వదినగారూ, మీ ఎత్తుకే ఉంచండి, నేను వంగుతాను అంది. వద్దన్నాను. రోజూ వంగితే నడుము పోతుంది, నీ ఇల్లు, నీ ఎత్తుకే ఉండాలి అన్నాను. తడుముకోకుండానే. అందుకు నన్ను నేను మెచ్చుకుంటున్నాను.

పాత కర్ర ఏం చేస్తారని అడిగాను. పొయ్యిలోకండి అని, అంతలోనే నాలిక్కరుచుకుని, నా చేతికిచ్చారు.

ఆగస్టు 22

పెళ్లి బాగా జరిగింది. అందరూ భోజనాలు బాగున్నాయన్నారు.

సెప్టెంబర్ 8

కొత్త గట్టు దగ్గర నేను టీ పెట్టాలంటే పీట ఎక్కాలి. నవ్యశ్రీ నన్ను ఎక్కనివ్వదు. మీరు కూర్చోండి వదినగారూ అంటుంది. కూర్చుంటాను. కుర్చీలో కూర్చుంటే కబోర్డులు, నేల రెండూ కనపడతాయి. చాలా బాగా కుదిరాయి. మూడో పలక మూలిగితే నేను లేస్తాను. ఆ పిల్ల కూడా లేస్తుంది. ఆమె కాళ్లు పొడుగు, ముందు చేరుతుంది.

సెప్టెంబర్ 15

చిలకలపూడిలో ఒక చిన్న పోర్షన్ చూశాను. కాలేజీకి దగ్గర అని చెప్పాను. దగ్గర కాదు. శ్రీకాంత్‌కి ఆ సంగతి తెలుసు. నేనేం తప్పు చేశానక్కా అని ఏడ్చాడు. ఏమీ చేయలేదురా అన్నాను. వాడు ఏదో ఒక తప్పు చేసి ఉంటే తిట్టుకుంటూ అయినా వెళ్లేదాన్ని.

పొద్దున చివరిసారి నేలకు నూనె పట్టించాను. ఎలా పట్టించాలో నవ్యశ్రీకి చూపించాను. పీచు అడ్డంగా కాదు, పలక వెంట పోవాలి. చక్కగా నేర్చుకుంది.

డిసెంబర్ 29

నవ్యశ్రీ వాట్సాప్‌లో ఫోటో పంపింది. వదినగారూ, మీరు చెప్పినట్టే రంగు తిరుగుతోంది అని.

తేనె రంగు. ఎడమవైపు తలుపు కాస్త ముందుంది, కిటికీ ఎండ తగిలేది దానికే. ఇంకా తొమ్మిదేళ్ల పైచిలుకు.

ఫోటో మూడుసార్లు పెద్దది చేసి చూశాను. పైకెత్తిన బొటనవేలు గుర్తు ఒకటి పెట్టి పంపాను.

2025 మార్చి 2

నా కర్రను ఈ చిలకలపూడి పోర్షన్ గట్టుకు ఆనించి చూశాను. అంగుళమున్నర తేడా.

పెన్సిలు రాతలో చివరి అక్షరం చెరిగిపోయింది. ‘ఇల్లా’ అని ఉంది.