జన ఉన్న చేప

కమ్మింగ్, ఏప్రిల్ 9

వదినగారికి,

మీ చెల్లెలికి ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకండి. ఫోనులో చెబితే తను వింటుందని, ఎరలమ్మే షాపులో ఈ కార్డు కొని రాస్తున్నాను.

ఐదో నెలలో కడుపు పోయి మూడు వారాలైనా శ్రీవిద్య సరిగా తినడం లేదు. జన ఉన్న చేప, అదే పొట్టలో గుడ్లున్నది, బలమని మా ఆకివీడులో బాలింతలకు వండిపెడతారు. అందుకే శనివారం మా ఆఫీసు పవన్‌తో లేక్‌కి వెళ్లాను. "వాటర్ వార్మ్ అయింది బ్రో, క్రాపీ చేపలన్నీ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చేస్తాయి" అన్నాడు. నిజంగానే మునిగిన చెట్టుకొమ్మల పక్కన, మోకాలి లోతులో నాలుగు పడ్డాయి. శ్రీవిద్య బాలింత కాదన్నది నాకు తట్టనేలేదు.

సింక్‌లో పెద్దదాని పొట్ట కోస్తే గుప్పెడు జన బయటికొచ్చింది. తను నా వెనకే నిలబడి ఉంది.

"ఇంకెన్ని రోజులుండేదండీ దీనికి?" అని అడిగింది.

తెలీదన్నాను. రెండు మూడు రోజుల్లో గుడ్లు పెట్టేస్తాయని పవన్ లేక్ దగ్గరే చెప్పాడు. చేపలన్నీ పెరట్లో పాతిపెట్టాను.

ట్రాయ్‌లో చలి తగ్గిందా? మీకు సెలవు దొరికితే చెప్పండి, టికెట్ బుక్ చేస్తాను. కందిపొడి తెండి, అన్నంలో అదొక్కటే కలుపుకుంటోంది. అన్నయ్యగారికి నమస్కారాలు, దేదీప్యకు ముద్దులు.

పాపాయి కోసం పాత చీరలతో మీరు కుట్టి, పంపకుండా ఆపేసిన బొంతలు కూడా తెండి. నిన్న తనే అడిగింది. ఎందుకని నేను అడగలేదు. మీరూ అడగకండి.

తేజేశ్వర్