నువ్వు కొట్టేసిన లెక్క

మావా, అన్నం కుండలో ఉంది. ఇవాళ శుక్రవారం, దీపం పెట్టాను, పొయ్యి మీదికి చేప ఎక్కించకు.

నీళ్లలో శబ్దం సెకనుకు పదిహేను వందల మీటర్లు పోతుంది, ఓడ నుంచి పంపింది సముద్రం అడుగుకు తగిలి నాలుగు సెకన్లకు తిరిగొస్తే లోతెంత అని బళ్లో మన భారతికి లెక్క ఇచ్చారు. పిల్ల మూడు వేల మీటర్లని సరిగ్గానే చేసింది. నువ్వేమో, "మన కళింగపట్నంలో అంత లోతు ఎక్కడున్నాదే? నీ మేస్టారు ఎప్పుడైనా పడవెక్కినాడేటి?" అని కొట్టేసి, నువ్వు పడవలోంచి తాడు వదిలి కొలిచిన పన్నెండు బారలని రాయించావు. నిన్న క్లాసంతా నవ్విందట. ఇక బడికి పోనని ఏడుస్తోంది. అందుకే నేనే వెంటబెట్టుకుని వెళ్తున్నాను. ఆ గీత ఎవరు కొట్టారో మేస్టారికి చెప్పేస్తాను. నీ పరువు నువ్వే చూసుకో.

గంగమ్మకు మొక్కి పడవెక్కుతావు కదా, ఆ తల్లి లోతంతా నీ తాడుకే అందేసిందా? తెలియకే అడుగుతున్నాను.

నోటుపుస్తకం దేవుడి గూట్లో ఉంది. మేం వచ్చేసరికి నీ పన్నెండు బారలు కొట్టేసి, పిల్ల లెక్క నీ చేత్తో తిరిగి రాసి ఉండాలి. రాసేదాకా నాతో మాట్లాడకు.

చివర్లో సగం చేయడం మరిచిపోకు. శబ్దం పోవాలి, తిరిగి రావాలి, రెండూ లెక్కేనట. నాకది ఎవరూ నేర్పక్కర్లేదు, రోజూ నీ పడవ కోసం ఒడ్డున నిలబడేదాన్ని.