అమ్మ సమాధి మీద షికారు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పిల్లలు పోరు పెడితే మా ఆయనతో కలిసి పెన్నా రిజర్వాయరులో షికారు పడవ ఎక్కాను. మునిగిపోయిన మన ఊరి మీదికి వచ్చేసరికి పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి తొంగి చూశాను. అమ్మను పూడ్చింది అక్కడి చర్చి పక్కనే కదా. నిన్నూ ఆమె పక్కనే పూడ్చమన్నావు. నువ్వు పోకముందే ఊళ్లోకి నీళ్లొచ్చాయి. నిన్ను పునరావాస కాలనీ అంచున, ఎవరో తెలియని వాళ్ల మధ్య పూడ్చాం.

పడవ నడిపే అతను మైకు అందుకుని, "కింద ఉత్త రాళ్లే ఉండాయి. అందరూ లేచి ఎగరండి!" అంటూ డ్యాన్సు పాట పెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమప్పా, ఈ నీళ్ల కింద మా ఊరు ఉండాది. మా అమ్మ సమాధి ఉండాది. ఆపు!"

"అందరూ సంతోషంగా ఉంటే నువ్వేందక్కా గొడవ చేస్తాండావు? కూచో."

స్పీకరు వైరు పీకేశాను. జనం విసుక్కున్నారు. మా ఆయన తల దించుకున్నాడు. నేను మాత్రం ఆ వైరు పిడికిట్లో పట్టుకుని నిలబడే ఉన్నాను.

అప్పుడు చిన్నది నా కొంగు లాగి, "అమ్మా, అవ్వ యాడుండాది?" అని అడిగింది.

చెయ్యెత్తాను నాయనా. ఎటు చూపించను? ఎటు చూసినా ఒకటే నీళ్లు.