సంచిలో రాయి, జేబులో చీటీ

పేయిప్సి సరస్సు ఒడ్డు నుంచి,
జనవరి మొదట్లో

చిరంజీవి ఐలికి మేనమామ వాల్దెక్ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ పిల్లీ క్షేమం. సరస్సు గడ్డకట్టింది. నువ్వు తార్తు పట్నంలో మంచు మీద చేపలు పట్టేవాళ్లకు సూట్లు కుట్టే చోట పనిచేస్తున్నావని మీ అమ్మ ఊరంతా చాటింది కదా, ఇప్పుడు నీతో పనిపడింది. ఒక సూటు కావాలి. వెచ్చగా ఉండాలి, నాలుగు కాలాలు మన్నాలి. మోకాళ్ల దగ్గర రెండు పొరలు వెయ్యి, మంచులో తొలిచిన కన్నం పక్కన మోకరిల్లితే తడి లోపలికి దిగకూడదు. ప్యాంటు వీపు సగందాకా రావాలి, వంగితే నడుముకి గాలి కొట్టకుండా. జిప్పుకి పొడుగాటి తోలుపట్టీ కట్టు, చేతి తొడుగు తియ్యకుండానే లాక్కునేలా.

కొలతలు రాసుకో. భుజాలు తలుపంత. పొట్ట పీపా అంత. ఎత్తు, మా ఇంటి ద్వారబంధానికి నుదురు కొట్టుకునేంత.

ఇట్లు,
మామయ్య

తా.క. ఫోన్ చెయ్యకు. నేను ఫోన్‌లో మాట్లాడితే ఒడ్డంతా వింటుంది. ఈ సంగతి మీ అమ్మకు తెలియనివ్వకు.

*

తార్తు

మామయ్యకు ఐలి నమస్కారాలు.

అమ్మకు తెలియనివ్వొద్దని నువ్వు చివర్లో రాశావు. అమ్మ పైనుంచి చదువుకుంటూ వచ్చింది. అప్పట్నుంచీ ఏడుస్తోంది. పోయిన వేసవిలో వచ్చినప్పుడు నాన్న చొక్కా తొడుక్కుంటే అందులో నీలాంటివాళ్లు ఇద్దరు పట్టేవాళ్లు. ఇప్పుడు పీపా అంత పొట్టేమిటి మామయ్యా? ఒంటికి నీరు పట్టిందా? ఉప్పు చేపలు మానెయ్యమని అమ్మ చెప్పమంది.

సూటు సంగతి. గొర్రె ఉన్నిది వెచ్చగానే ఉంటుంది గానీ తడిస్తే మనిషిని కిందికి లాగుతుంది. నీళ్లలో తేలే రకం ఒకటుంది. మంచు విరిగి లోపల పడ్డా మనిషిని పైకి తెస్తుంది. కాస్త బిర్రుగా ఉంటుంది, వారం తొడిగితే ఒంటికి అలవాటవుతుంది. అదే తీసుకో. బూడిద, ముదురాకుపచ్చ, నారింజ రంగుల్లో ఉంది.

నీ మేనకోడలు,
ఐలి

తా.క. నీరు పడితే ఎత్తు కూడా పెరుగుతారా అని అమ్మ డాక్టరుగారిని అడిగింది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడట.

*

పేయిప్సి ఒడ్డు

చిరంజీవి ఐలికి ఆశీస్సులు.

నాకు ఏ నీరూ పట్టలేదు. సూటు నాకు కాదు, ఎండెల్‌కి. చిన్నప్పుడు నిన్ను తోపుడుబండిలో మంచు మీదంతా తిప్పాడే, ఆ ఎండెల్ మావయ్యకి.

పోయిన మార్చిలో నేను కన్నం తొలుస్తుంటే వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఒరేయ్ వాల్దెక్, నీకు బోలెడు చేపలు పడాలిరా" అన్నాడు! మా ఒడ్డున చంటిపిల్లనడిగినా చెబుతుంది, చేపలకు పోయేవాడితో "నీ సంచిలో రాయి పడ" అనాలి. మంచి కోరితే చేపలు వింటాయి, పారిపోతాయి. వాడికి తెలియదా? ఆ మాట అన్న కాసేపటికే మంచు తొలిచే నా బర్మా చేజారి సరస్సు అడుక్కి పోయింది. దాని వెనకే నా ఎడమ కాలు దిగింది. నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్లమ్మను కూడా వదల్లేదు. వాడు ఒడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు.

ఈ చలికాలం వాడు మంచు మీదికే రాలేదు. వాడి పాత దూది కోటు మోకాళ్ల దగ్గర పిగిలిపోయింది, చలికి ఆగలేకే రావడం లేదు. వెళ్లి పలకరించడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఫ్లాస్కులో టీ మిగిలిపోతోంది ఐలీ. నా టీ అంతా వాడే తాగేస్తాడని బతుకంతా సణిగాను.

కొలతలు వాడివే, కళ్లు మూసుకుని చెప్పగలను. సూటు వాళ్లింటికే పంపు. నా పేరు రాయకు.

ఇట్లు,
మామయ్య

తా.క. నారింజ రంగు పంపు. నా కళ్లకు దూరం ఆనడం లేదు. వాడొస్తే వాడేనని తెలియాలి.

*

తార్తు

మామయ్యకు నమస్కారాలు.

సూటు పంపేశాను. మోకాళ్లకు రెండు కాదు, మూడు పొరలు. పేరు లేకపోతే ఎవరో దానం చేశారనుకుని బాధపడతాడని జేబులో చిన్న చీటీ పెట్టాను. "ఎండెల్, నీకు బోలెడు చేపలు పడాలి. నీ వాల్దెక్" అని. ఆ రాయి మాట నాకు నచ్చలేదు. కొత్త బట్టలు పెడుతూ ఎవరైనా రాళ్లు పడాలంటారా? ఇక మీరిద్దరూ కలిసిపోతారు చూడు.

నీ ఐలి

తా.క. ఇప్పుడే అమ్మకు చెప్పాను. అమ్మ మీ ఒడ్డున పుట్టిన మనిషి కదా, తల పట్టుకుని కూర్చుంది. పార్సెల్ వెళ్లిపోయింది మామయ్యా.

*

పేయిప్సి ఒడ్డు,
మార్చి

ఐలికి ఆశీస్సులు, ఈసారి సగమే.

నా కొంప ముంచావు. ఏడాది ఆగి వాడి మాట వాడికే అప్పజెప్పాననుకున్నాడు. సూటులో గడ్డి కుక్కి, టోపీ పెట్టి, ఒడ్డున వాళ్లింటి ముందు బల్ల మీద దిష్టిబొమ్మలా కూర్చోబెట్టాడు. మొహం సరిగ్గా నావైపే. గాలికి చెయ్యి కూడా ఊగుతోంది, రారా అని వెక్కిరించినట్టు. రోజూ ఇదే భాగోతం. చూడలేక కన్నం సరస్సులో ఇంకా లోపలికి జరుపుకుని, ఒడ్డుకి వీపు పెట్టి కూర్చుంటున్నాను.

నిన్ను అనుకుని ఏం లాభం. తిట్టిన రోజునే వెళ్లి తలుపు తట్టి "తప్పయిందిరా" అనుంటే సరిపోయేది. ఒక్క మాటతో పోయేదానికి సూటు పంపాను. ఇక వాడు రాడు.

మామయ్య

తా.క. ఆ దిష్టిబొమ్మకి నాకంటే మంచి టోపీ పెట్టాడు.

*

పేయిప్సి ఒడ్డు

చిరంజీవి ఐలికి ఎండెల్ మావయ్య దీవెనలు.

మీ మామయ్య పంపిన సూటులో గడ్డెందుకు కుక్కావని నిలదీస్తూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. అమ్మాయ్, ఆ గడ్డి నేనే.

నా ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇక మంచు మీద అడుగు పెట్టొద్దని పోయిన మార్చిలోనే డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు ఆఖరిసారి చూసొద్దామని వెళ్లాను. వాడికి చెబితే అక్కడే కూలబడి ఏడుస్తాడని చెప్పలేదు. బతుకంతా వాడి సంచిలో రాళ్లే పడాలన్నాను కదా, ఒక్కసారి కడుపులో మాట అనేసి పోదామనిపించింది. అన్నాను. వాడు కాలు ముంచుకున్నాడు.

జేబులో చీటీ చూసి, వాడికీ ఇన్నాళ్లకు అర్థమైందనుకున్నాను. నీ పనేనని నీ ఉత్తరంతో ఇప్పుడు తెలిసింది. తెలిసినా చీటీ తీసేయబుద్ధి కాలేదు, అక్కడే ఉంచాను.

సూటు భేషుగ్గా ఉంది. కాకపోతే ఇందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. నేను చిక్కి సగమయ్యాను. వాడి కంటికి నేనింకా పీపాలాగే ఉన్నానన్నమాట. సంతోషమే.

రోజూ బల్ల మీద కూర్చుని చెయ్యి ఊపుతున్నాను. గట్టిగా పిలుద్దామంటే ఊపిరి చాలదు. నేను ఊపినకొద్దీ వాడు లోపలికి జరుగుతున్నాడు. అక్కడ మంచు పలచబడుతోంది, తేలే సూటేమో నా ఒంటి మీదుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడమని వాడికి త్వరగా రాయమ్మా. ఫ్లాస్కు తెచ్చుకోమను.

ఇట్లు,
ఎండెల్

తా.క. వాడికి నా మాటగా "నీ సంచిలో రాయి పడ" అనే రాసి పంపు. అసలు మాట వాడు ఒడ్డెక్కాక నేనే చెప్పుకుంటాను.