రాజీనామాకు ముందు రోజు

ఏమండీ,

మీరు పోయి నిన్నటికి ఏడాది. ఇవాళ మధ్యాహ్నం ఇక్కడ లెటర్‌కెన్నీ ఊరి లైబ్రరీలో మీ లాయరు గురించి సభ పెట్టారు. అదే, ఈ ఊళ్లో పుట్టి, నూటడెబ్బై ఏళ్ల కిందట అమెరికాలో ప్రభుత్వ న్యాయవాది అయిన ఆయన. ఆయన మీద మీరు రాసిన వ్యాసం చదవమని నన్ను పిలిచారు. ఆసుపత్రిలో డ్యూటీ మార్చుకుని వెళ్లాను.

పారిపోయి వచ్చిన బానిసను యజమానికి అప్పగించాలని వాదించడం ఇష్టంలేక ఆయన ఉద్యోగం వదిలేశాడని మీరు ఎన్నిసార్లు చెప్పారో! "ముందు అన్నం తినండి, చల్లారిపోతోంది" అనేదాన్ని. పొద్దున మీ కాగితాలు తీస్తే, అందులో అలా లేదు. ఆయన వాదించాడు. గెలిచాడు. ఆ మనిషికి సంకెళ్లు వేసి ఓడ ఎక్కించాక, మర్నాడు రాజీనామా ఇచ్చాడు.

ఇండియాలో మన ఊరి కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా మీరు గెలిచిన ఆఖరి కేసు గుర్తొచ్చింది. ఒక కూలీకి యావజ్జీవం పడింది. ఇంటికొచ్చి మీరు ముద్ద ముట్టలేదు. ఆ వారమే నల్లకోటు పెట్టెలో పెట్టేశారు. నా నర్సు ఉద్యోగం కోసమే ఐర్లండ్ వస్తున్నామని అందరికీ చెప్పారు. నేనూ అదే చెప్పాను.

సభలో ఆ మర్నాటి రాజీనామా వాక్యం దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకున్నాను. "టేక్ యువర్ టైమ్, మమ్. యూ ఆర్ గ్రాండ్" అంది మనమ్మాయి ముందు వరసలోంచి, ఏం ఫర్వాలేదని ఇక్కడివాళ్లు అనే తీరులో. ఉన్నదున్నట్టే చదివాను.

చివర్లో ఒక ముసలాయన లేచి, "ఆ రాజీనామా ఏదో ముందు రోజే ఇవ్వొచ్చు కదా?" అని అడిగాడు.

నాకు తెలియదన్నాను. ఆ కేసు తర్వాత పదహారేళ్లు మీ ఎదురుగా కూర్చుని అన్నం వడ్డించాను. ఆ మాట మిమ్మల్ని నేను ఒక్కసారీ అడగలేదు.

సుగుణ